జబ్బా, పొగరా? టీనేజ్ పిల్లల గది తలుపు బయట నిలబడి వేసుకునే ప్రశ్న

ఉదయం ఏడున్నర. గది తలుపుకు లోపల గడియ. బయట నేను, ఒక చేతిలో మా అమ్మాయి స్కూలు బ్యాగు, ఇంకో చెయ్యి తలుపు మీద. ఎనిమిదోసారో తొమ్మిదోసారో పిలిచాక లోపలి నుంచి ఒక్క మాట వచ్చింది, "నన్ను వదిలెయ్ అమ్మా." రాత్రి పన్నెండు దాటాక ఇదే గదిలోంచి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం నా చెవులారా విన్నాను. ఇప్పుడేమో లేవలేనంటోంది. డిప్రెషన్ అని డాక్టరు చెప్పి అప్పటికి నెలన్నర అయింది, మందులు మొదలయ్యాయి, జబ్బేనని మేమూ ఒప్పుకున్నాం, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకున్నాం. అయినా ఆ తలుపు ముందు నిలబడ్డ ప్రతిసారీ బుర్రలో తిరిగేది ఒకటే. ఇది జబ్బా, పొగరా?

ఈ ప్రశ్న పట్టుకుని దాదాపు ఏడాది వృథా చేశాను. జబ్బు అనుకున్న రోజున అన్నీ వదిలేసేదాన్ని. స్కూలు మానేసినా, తమ్ముడి మీద అరిచినా, చేతిలో ఉన్నది గోడకేసి కొట్టినా, పాపం ఒంట్లో బాలేదు కదా అని. పొగరు అనుకున్న రోజున పాత బాకీలన్నీ కలిపి ఒకేసారి తీర్చుకునేదాన్ని. సోమవారం జాలి, బుధవారం కోపం. పిల్ల వైపు నుంచి చూస్తే, ఇవాళ ఏ అమ్మ నిద్ర లేస్తుందో తెలియని ఇల్లు అది.

నెమ్మదిగా తెలిసొచ్చిందేమిటంటే, అసలు ఆ ప్రశ్న వేసుకోవడంలోనే తిరకాసుంది. రెండిట్లో ఏదో ఒకటి తేలాలని పట్టుబడతాం, అక్కడున్నది ముప్పేట తాడు. ఒక పేట వయసు, ఒక పేట జబ్బు, మూడో పేట ఇంటిల్లిపాదీ కలిసి తెలియకుండా నేర్చుకున్న అలవాటు. ఒకే ఉదయం, ఒకే తలుపు వెనక మూడూ ఉంటాయి. వాటిలో ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు వికటిస్తుంది కూడా. అందుకే ముందు పేటలు విడదీసుకోవాలి.

వయసు సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఆగి ఆలోచించడం, దీని తర్వాత ఏమవుతుందో ఊహించడం, నోటిదాకా వచ్చిన మాటను మింగడం, ఈ పనులు చూసుకునే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. కోపాలూ సరదాలూ నడిపించే భాగాలు మాత్రం అంతకు ముందే జోరందుకుంటాయి. బండికి ఇంజను వచ్చేసింది, బ్రేకులు ఇంకా బిగిస్తున్నారన్నమాట. నిద్రది ఇంకో కథ. యుక్తవయసు రాగానే, నిద్రకు టైమైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోను రాత్రి గంటో రెండు గంటలో ఆలస్యంగా విడుదలవుతుంది. మరోపక్క 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు నిద్ర నిపుణులు. పదకొండున్నరకు కూడా నిద్ర రాని పిల్లను ఆరింటికి లేపితే లెక్క ఎక్కడ కుదురుతుంది? ఉదయం గొడవల్లో సగం గడియారంతో పెట్టుకున్నవే. ఇక మనం మాట్లాడుతుంటే కళ్లు పైకి తిప్పడం, ఫ్రెండ్స్ ముందు మనల్ని చూసి మొహం చాటేయడం, "నీకేం తెలీదులే" అనడం, ఇవన్నీ వయసు ఖాతాలోవే. వీటికి వైద్యం అక్కర్లేదు. నిజానికి జవాబు కూడా అక్కర్లేదు, అది నేర్చుకోవడమే మనకు కష్టం.

జబ్బు దగ్గరే అసలు తిప్పలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. 2005లో అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చేసిన సర్వే ఫలితాలు వచ్చాయి. జీవితంలో ఎప్పుడైనా మానసిక జబ్బు వచ్చినవాళ్లలో సగం మందికి అది 14 ఏళ్లలోపే, ముప్పావు వంతు మందికి 24 ఏళ్లలోపే మొదలైందని అందులో తేలింది. అంటే పిల్లలు మొండికేసే వయసూ, జబ్బులు తొంగిచూసే వయసూ ఒకటే. రెండూ ఒకే రైలు దిగి ఒకేలాంటి బట్టల్లో ఇంటికొస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేకపోవడంలో తల్లిదండ్రుల తెలివితక్కువేమీ లేదు.

దానికితోడు ఈ వయసులో జబ్బులు వాటి పేరుకు తగ్గట్టు కనపడవు. డిప్రెషన్ అనగానే మనకు ఏడుస్తూ మూలన కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. పిల్లల్లో అది చాలాసార్లు చిరాకు వేషంలో వస్తుంది. మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే ప్రామాణిక గ్రంథం ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. పెద్దల్లో దిగులును చూసే చోట, పిల్లల్లో, టీనేజర్లలో చిరాకునూ లెక్కలోకి తీసుకోవాలని. మా అమ్మాయి ఆ ఏడాదంతా కలిపి నా ముందు రెండుసార్లో మూడుసార్లో ఏడ్చి ఉంటుంది, అంతే. కసురుకోవడం మాత్రం రోజూ. అందుకే మాకు పోల్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

భయం కూడా అంతే, భయంలా కనపడదు, మొండితనంలా కనపడుతుంది. ప్రతి సోమవారం కడుపునొప్పి, శనివారానికి మాయం. నాటకం అనుకుంటాం. ఆందోళన వల్ల వచ్చే కడుపునొప్పి నిజంగా నొప్పే, పరీక్షల్లో ఏమీ దొరకకపోయినా. ఇక్కడ ఒక చిన్న గుర్తు ఉపయోగపడుతుంది. సరదాకి స్కూలు ఎగ్గొట్టేవాడు ఇంట్లో తెలియకుండా ఎగ్గొట్టి ఇంకెక్కడికో పోతాడు. భయంతో మానేసేవాడు మన కళ్లముందే, ఇంట్లోనే ఉండిపోతాడు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) అయితే నిర్లక్ష్యంలా, "చెప్పింది చెవికెక్కించుకోడు" అన్నట్టు ఉంటుంది, దాని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి కాబట్టి పదిహేనేళ్లకు కొత్తగా ధ్యాస చెదిరితే కారణం వేరే ఎక్కడో వెతకాలి. చదవడంలో లోపం ఎవరూ పట్టుకోకపోతే, ఆ పిల్లాడు తనకు రాదని పదిమందికీ తెలియడం కన్నా తను అల్లరివాడని పేరు రావడమే నయం అనుకుంటాడు, నేనైనా అదే అనుకునేదాన్ని.

మరి వయసుకీ జబ్బుకీ తేడా పట్టేదెలా? పక్కింటి పిల్లలతో పోల్చడం వల్ల లాభం లేదు. నిరుడు ఇదే పిల్ల ఎలా ఉండేదో దానితో పోల్చాలి. బొమ్మలు వేసే పిల్ల రంగుల డబ్బా తెరిచి ఎన్నాళ్లయింది? ఫ్రెండ్స్ మారారా, అసలు ఫ్రెండ్సే లేకుండా పోయారా? నిద్ర, తిండి, స్నానం, చదువు వీటిలో రెండు మూడు ఒకేసారి కుంటుపడి రెండు వారాలు దాటితే ఇక "ఈ వయసులో అంతేలే" అనే మాట పక్కన పెట్టాలి. కొన్ని విషయాల్లో రెండు వారాలు కూడా ఆగకూడదు. మూడు గంటలే పడుకుని అలసట లేకుండా రోజంతా పరుగులు పెడుతూ పెద్ద పెద్ద ప్లాన్లు చెప్పడం, ఎవరో తనను గమనిస్తున్నారని అనుమానపడటం, మనకు వినపడని మాటలకు జవాబివ్వడం, ఇవి చూస్తే ఆ వారంలోనే డాక్టరు దగ్గర ఉండాలి.

ఇంకో మాట. ఒంటి జబ్బులు కూడా మనసు జబ్బుల వేషం కడతాయి. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, మత్తు పదార్థాలు ఇవన్నీ చూడాల్సిందే. వీటన్నిటికన్నా ముందు, పిల్ల ఒక్కసారిగా మారిపోయిందంటే "దీనికి ఏమైంది" అనుకోవడంతో ఆగకుండా "దీన్ని ఎవరైనా ఏమైనా చేశారా" అని కూడా ఆలోచించాలి. ఏడిపించే తోటిపిల్లలు, హద్దు మీరిన పెద్దవాళ్లు, ఆన్‌లైన్లో బెదిరించే వాళ్లు. పిల్ల నోటితో చెప్పలేనిది ప్రవర్తన చెబుతుంది.

"బయట బాగానే ఉంటుంది కదా, మన దగ్గరే వేషాలు" అని అత్తగారి నుంచి టీచరు దాకా అందరూ అన్నారు మాతో. నిజమే, టీచరు దగ్గర మా అమ్మాయి బంగారం. రోజంతా బిగబట్టుకుని ఉండటానికి ఎంత శక్తి పోతుందో జ్వరంతో ఆఫీసులో నవ్వుతూ కూర్చున్న ఎవరినైనా అడగండి. బిగబట్టింది వదిలేయడానికి భయం లేని చోటు ఒకటి కావాలి, అది ఇల్లయింది. ఇందులో కొంత మనకు గౌరవం కూడా ఉంది, ఆ టైములో అలా అనిపించదనుకోండి.

మూడో పేట: అలవాటు

దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఇందులో మనమూ ఉన్నాం. రాత్రి పదింటికి ఫోను బయట పెట్టేయాలని ఇంట్లో రూలు. మావారు వెళ్లి "టైమైంది, ఇవ్వమ్మా" అన్నారు. "ఐదు నిమిషాలు." పావుగంట తర్వాత మళ్లీ వెళ్లారు, ఈసారి గొంతు కాస్త పెరిగింది. అమ్మాయి గొంతు ఇంకాస్త పెరిగింది. ఆయన చెయ్యి చాచారు, తను ఫోను గుండెకు హత్తుకుని, ఇంట్లో నన్నెవరూ అర్థం చేసుకోరు, ఈ ఇంట్లో ఉండటం కన్నా పోవడం మేలు అంది. ఆ మాటతో ఆయన చెయ్యి కిందికి దిగిపోయింది. "సరే సరే, ఇవాల్టికి ఉంచుకో, అరవకు." రెండు నిమిషాల్లో ఇల్లు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోనే ఇద్దరూ ఒక పాఠం నేర్చుకున్నారు. గొంతు ఒక స్థాయి దాటితే నాన్న ఆగిపోతాడని పిల్లకు తెలిసింది. వదిలేస్తే అరుపు ఆగుతుందని నాన్నకు తెలిసింది. ఇద్దరికీ వెంటనే ఉపశమనం దొరికింది, ఉపశమనం ఇచ్చిన పనిని మనిషి మళ్లీ చేస్తాడు. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త కుటుంబాల ఇళ్లకు మనుషులను పంపి, ఎవరి మాట తర్వాత ఎవరు ఏం చేశారో క్షణక్షణం రాయించి ఈ చక్రాన్ని పట్టుకున్నాడు, 1980ల మొదట్లో పుస్తకంగా రాశాడు. పిల్ల కావాలని పన్నిన పన్నాగం ఇందులో ఏమీ ఉండదు. కాళ్లకు దారి అలవాటైనట్టు నోటికి అరుపు అలవాటవుతుంది.

ఈ చక్రంలో రెండు గుంటలున్నాయి. మొదటిది, ఐదుసార్లు గట్టిగా ఉండి ఆరోసారి లొంగిపోవడం. రోజూ లొంగిపోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఆరోసారి దాకా అరిస్తే పని జరుగుతుందని నేర్పినట్టవుతుంది. రెండోది, గట్టిగా ఉండాలని నిర్ణయించుకున్న మొదటి వారంలో పరిస్థితి బాగుపడకుండా ఇంకా చెడుతుంది. బటన్ నొక్కితే లిఫ్ట్ రాకపోతే ఏం చేస్తాం, నాలుగైదుసార్లు గట్టిగా నొక్కుతాం కదా, అదే. చాలామంది సరిగ్గా ఆ వారంలోనే "ఈ పద్ధతి మన పిల్లకు పనిచేయదు" అని మానేస్తారు. మేమూ మానేశాం, ఒకసారి కాదు.

అయితే తను అన్న "పోవడం మేలు" అనే మాటను కూడా ఈ అలవాటు ఖాతాలో వేసేయకూడదు. ఆ మాటను ఫోను బేరం నుంచి విడదీయాలి. ఫోను రూలు ఫోను రూలే. ఆ మాట గురించి మాత్రం అదే రాత్రి, గొంతులు దిగాక, పక్కన కూర్చుని సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. ఈ విషయంపై జరిగిన అధ్యయనాల్లో అడగడం వల్ల ఆలోచన పుడుతుందని తేలలేదు, చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టు అవుతుంది. అవునంటే ఉపన్యాసం వద్దు, దేవుడిచ్చిన ప్రాణం అనే మాటలు వద్దు. ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఎలా అని ఏమైనా ఆలోచించావా అని అడిగి వినాలి. ఆలోచన గట్టిగా ఉంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు, మీరున్న చోట అత్యవసర వైద్యానికో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయాలి. ఇంట్లో మందులన్నీ, పిల్ల మందులతో సహా, తాళంలో ఉండాలి, హాని చేసుకోగలిగిన మిగతా వస్తువులు కూడా. ఇది వినడానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. కానీ అలాంటి క్షణాలు చాలాసార్లు నిమిషాల్లో, గంటల్లో దాటిపోతాయి, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోవడం ప్రాణం నిలబెడుతుంది.

మన తప్పా?

ఇక్కడిదాకా చదివి, అలవాటులో మనమూ ఉన్నామంటే జబ్బు కూడా మనవల్లే వచ్చిందా అని గుండెలో కలుక్కుమనే ఉంటుంది. వైద్యలోకమే ఒకప్పుడు ఆ పాపం చేసింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్మన్ అనే పేరున్న సైకియాట్రిస్టు, స్కిజోఫ్రీనియాను (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) పుట్టించే తల్లి అనే అర్థం వచ్చే మాటనే వాడింది. ఆటిజం తల్లులు ప్రేమ చూపకపోవడం వల్ల వస్తుందని కూడా కొన్నేళ్లు నమ్మారు. రెండూ తప్పని తేలాయి, జన్యువుల పాత్ర ఎంత పెద్దదో తెలిసింది, ఈలోపు ఎంతమంది తల్లులు కుమిలి కుమిలి పోయారో లెక్క లేదు.

కానీ పూర్తిగా చేతులు దులిపేసుకునే వీలూ లేదు. జార్జ్ బ్రౌన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త 1950ల చివర్లో, 60ల్లో ఆసుపత్రి నుంచి ఇళ్లకు వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగుల వెంటపడి చూశాడు. సాధింపు, ద్వేషం, లేదా ఊపిరాడనంత జోక్యం ఎక్కువగా ఉన్న ఇళ్లకు వెళ్లినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనపడింది. తర్వాత డిప్రెషన్ లాంటి జబ్బుల్లోనూ ఇదే చూశారు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: విత్తనం మనం వేయలేదు, కానీ మొక్క మీద పడే ఎండా వానా కొంత మన చేతిలో ఉన్నాయి. ఆ మూడోది గమనించండి, ఊపిరాడనంత జోక్యం. సాధించే తండ్రి ఎంతో, క్షణం వదలకుండా వెంట తిరిగే తల్లీ అంతే. ఆ తల్లిని నేనే.

మా ఇంట్లో ఇంకో విచిత్రం. ఆయన కఠినంగా ఉన్నకొద్దీ దాన్ని పూడ్చడానికి నేను మెత్తబడేదాన్ని, నేను మెత్తబడ్డకొద్దీ ఆయన బిగుసుకునేవారు. ఇద్దరం పిల్లను కాకుండా ఒకరినొకరం సరిచేసుకుంటూ కూర్చున్నాం. కౌన్సెలరు మమ్మల్ని ఒకే ఒక్క రూలు మీద ఒప్పందానికి రమ్మన్నారు, అది కుదరడానికి రెండు వారాలు పట్టిందంటే చూసుకోండి.

ఆ ఒక్క రూలు: ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, ఎవరి వస్తువూ పగలగొట్టకూడదు. పెద్దవాళ్లకు కూడా. మిగతా రూలన్నీ దాని తర్వాతే. గది చిందరవందరగా ఉందని, జుట్టు అలా కత్తిరించుకుందని, ఫోన్ ఎత్తి పెద్దమ్మతో మాట్లాడలేదని చేసే యుద్ధాలు ఆపేశాం. ఒకేసారి రెండు యుద్ధాలకు మించి ఏ సైన్యమూ చేయలేదు.

జబ్బు వల్ల చేయలేని పనికి శిక్ష వేసి లాభం లేదు. డిప్రెషన్‌లో మంచం దిగలేనివాడి ఫోను లాక్కుంటే దిగలేకపోవడానికి తోడు ఫ్రెండ్స్ కూడా తెగిపోతారు, అంతే. కానీ జబ్బున్నా సరే తమ్ముడి సైకిలు తొక్కి విరగ్గొడితే బాగుచేయించే బాధ్యత తనదే. కాలు విరిగినవాణ్ని పరిగెత్తమనం, కానీ తన ఊతకర్రతో పక్కవాణ్ని కొడితే ఊరుకోం కదా. శిక్ష వేస్తే చిన్నది, ఆ రోజుకో మర్నాటికో ముగిసేది వేయాలి. నెల రోజులు ఫోన్ కట్ అంటే రెండో రోజు నుంచి పిల్లకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు, మనకు ఇవ్వడానికీ ఏమీ మిగలదు.

గొడవ మధ్యలో నేర్పడం మాత్రం మానేయండి, నేను బల్లగుద్ది చెప్పేది ఇదొక్కటే. ఆ సమయంలో ఆ మెదడుకు తర్కం ఎక్కదు. మాటలు తగ్గించాలి, గొంతు దించాలి, గుమ్మానికి అడ్డం నిలబడకూడదు, బయటికి పోయే దారి మూసేస్తే ఎవరైనా మీదపడతారు. ఇనుము వేడిగా ఉన్నప్పుడే కొట్టాలంటాం. ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త హైమ్ ఓమెర్ ఇలాంటి ఇళ్లకు దాన్ని తిరగేసి చెబుతాడు, చల్లారాక కొట్టమని. మర్నాడు, మొహాలు చూసుకోనక్కర్లేని చోట, నడుస్తూనో బండిలో వెళ్తూనో, మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకోవాలి. పరిస్థితి చెయ్యిదాటి ఎవరికైనా దెబ్బలు తగిలేలా ఉంటే పరువు గురించి ఆలోచించకుండా సాయం పిలవాలి, ముందు చిన్నపిల్లలను అక్కణ్నుంచి తప్పించాలి.

"నీకేం తక్కువ చేశాం?" అనే మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో. నా ఉద్దేశం ప్రేమే. తనకు మాత్రం "నీకు బాధపడే హక్కు లేదు" అని వినపడేదట, చాలా రోజుల తర్వాత చెప్పింది. "ఉదయాన్నే లేవడం చాలా భారంగా ఉన్నట్టుంది" అంటే స్కూలు మానడానికి ఒప్పుకున్నట్టు కాదు, ఆ భారం మనకు కనపడిందని చెప్పడం మాత్రమే. చిక్కల్లా దాని వెంటనే "కానీ" వస్తుంది చూశారా, అదే కొంప ముంచుతుంది. ఆ "కానీ" ఓ పది నిమిషాల తర్వాత రానివ్వండి.

డాక్టరు దగ్గర

మందుల గురించి ఇద్దరు రెండు మాటలు చెబుతారు: అలవాటైపోతాయి, లేదా అవి వేస్తే చాలు. 2004లో అమెరికాలో డిప్రెషన్ ఉన్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మంది మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. 12 వారాల తర్వాత ఫ్లూయాక్సెటిన్ మందు, ఆలోచనల తీరును మార్చే థెరపీ (సీబీటీ) రెండూ ఇచ్చినవాళ్లలో 71 శాతం మెరుగయ్యారు. మందు మాత్రమే ఇస్తే 61, థెరపీ మాత్రమే ఇస్తే 43, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తే 35. అదే ఏడాది అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక కూడా పెట్టించింది. డిప్రెషన్ మందులు వాడిన పిల్లల్లో వందకు సుమారు నలుగురిలో, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో ఇద్దరిలో ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనపడ్డాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ చనిపోలేదు. కాబట్టి మందు వద్దని కాదు, మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడల్లా దగ్గరుండి కనిపెట్టుకోవాలి. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. బాగైంది కదా అని మనంతట మనమే ఆపేస్తే తిరగబెట్టొచ్చు, ఆ తప్పూ చేశాం, ఆ కథ ఇక్కడ వద్దు.

జబ్బు పేరు తెలిస్తే అన్నీ తేలిపోతాయనే ఆశ కూడా వద్దు. ఎదిరింపు ఎక్కువగా ఉండే పిల్లలకు ఓడీడీ అనే పేరు పెడతారు. ఎందుకు ఎదిరిస్తున్నాడు? ఓడీడీ ఉంది కాబట్టి. ఉందని ఎలా తెలిసింది? ఎదిరిస్తున్నాడు కాబట్టి. ఆ పేరు వైద్యానికి దారి చూపిస్తుంది, కారణం మాత్రం చెప్పదు. దాని కింద భయమో, డిప్రెషనో, ఏడీహెచ్‌డీయో ఉందేమో చూడమని అడగాలి.

పిల్ల డాక్టరు దగ్గరికి రానంటే? మనం వెళ్లొచ్చు. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన సమస్య ఉన్న 7 నుంచి 14 ఏళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో, తల్లిదండ్రులకు మాత్రమే ఇచ్చిన శిక్షణ పిల్లలకు నేరుగా ఇచ్చిన సీబీటీకి తీసిపోకుండా పనిచేసింది. పిల్ల భయపడిన ప్రతిదాన్నీ మనం దారిలోంచి తప్పిస్తూ పోవడం, తన బదులు మాట్లాడటం, రోజూ "ఏం కాదులే" అని నలభైసార్లు చెప్పడం, వీటిని కొద్దికొద్దిగా తగ్గించడమే ఆ శిక్షణ సారం. డిప్రెషన్ ఉన్న తల్లికి వైద్యంతో అది తగ్గినప్పుడు పిల్లల లక్షణాలూ తగ్గాయని ఇంకో అధ్యయనం 2006లో చూపించింది. మన టెన్షన్‌కు మందు తీసుకోవడం స్వార్థం కాదన్నమాట.

ఈ గోలలో ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లు మాయమైపోతారు. మా చిన్నవాడి బ్యాగులో ఒక సర్టిఫికెట్ దొరికింది, పరుగుపందెంలో రెండో బహుమతి, తేదీ చూస్తే మూడు వారాల కిందటిది. ఎందుకు చెప్పలేదురా అంటే "అక్కకి బాలేదు కదా" అన్నాడు, తలెత్తకుండా షూ లేసు కట్టుకుంటూ. ఆ వారం నుంచి ఆదివారం ఉదయం గంట వాడిది. ఆ గంటలో అక్క మాట ఎత్తం.

మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు, గొడవలు ఎంత తరచుగా అని అడిగారు. "ఎప్పుడూ" అన్నాను. ఎప్పుడూ అంటే వారంలో ఎన్నిసార్లు? చెప్పలేకపోయాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. ఏ రోజు, ఎన్నింటికి, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు, ఎలా ఆగింది. ఎవరిది తప్పో రాయొద్దన్నారు. నెల తిరిగేసరికి పేజీల్లో ఒక సంగతి కనపడింది, పెద్ద గొడవల్లో ఎక్కువ భాగం ఆదివారం సాయంత్రాలవే, మర్నాడు స్కూలు కాబట్టి. అప్పటిదాకా ఫోను గురించి, గది గురించి పోట్లాడుకున్నాం, అసలు పోట్లాట సోమవారంతో. స్కూలువాళ్లతో మాట్లాడి సోమవారం మొదటి రెండు పీరియడ్లు మినహాయింపు తీసుకుని, వారానికి ఇంత అని మళ్లీ పెంచుకుంటూ వచ్చాం. మొత్తానికే మాన్పించి ఉంటే తిరిగి వెళ్లడం రోజురోజుకీ ఇంకా కష్టమయ్యేదని కౌన్సెలరు ముందే హెచ్చరించారు.

గొడవలు పోలేదు. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో "2 గంటల 10 నిమిషాలు, నేను ఏడవడంతో ఆగింది" అని ఉంది. మొన్న ఆదివారం రాసింది ఇది: "సాయంత్రం 6.40. తమ్ముడు చార్జరు తీశాడు. 20 నిమిషాలు. తలుపు తనే తీసింది."